జానెడు ప్లేటు కోసం కారంతా విప్పాలి

పాత పోర్షె 944లో క్లచ్, ఫ్లైవీల్ మార్పిడి

పోర్షె 944 క్లచ్ ప్లేటును అడ్డంగా కొలిస్తే 225 మిల్లీమీటర్లు ఉంటుంది. అంటే జానెడు. ఇంజను బలమంతా వెనక చక్రాలకు చేరేది ఈ జానెడు ప్లేటు మీదుగానే. అది అరిగినా చిరిగినా మార్చక తప్పదు. మార్చడంలో పెద్ద విద్యేమీ లేదు. ప్రెషర్ ప్లేటు చుట్టూ ఉన్న బోల్టులు విప్పితే పాతది చేతిలోకి ఊడి వస్తుంది. కష్టమంతా ఆ బోల్టుల దాకా చేరడంలోనే ఉంది. సైలెన్సరు గొట్టాలు, యాక్సిల్ షాఫ్టులు, గేర్‌బాక్స్, దానికీ ఇంజనుకూ మధ్యనున్న పొడవాటి ఉక్కు గొట్టం, స్టార్టర్ మోటారు, చివరికి క్లచ్‌ను కప్పి ఉంచే బెల్ హౌసింగ్ వరసగా కదలాలి. చెయ్యి తిరిగిన మెకానిక్‌కు లిఫ్టు మీద ఇది రెండు రోజుల పని. ఇంటి షెడ్డులో కారును స్టాండుల మీద నిలబెట్టి సొంతంగా చేసుకునేవారు రెండు వారాంతాలు వదులుకోవాల్సిందే.

ఇంజను ముందు, గేర్‌బాక్స్ వెనక

ఈ తిప్పలకు కారణం కారు నిర్మాణంలోనే ఉంది. 944కు ముందు వచ్చిన 924ను పోర్షె ఇంజనీర్లు మొదట ఫోక్స్‌వ్యాగన్ కోసం గీశారు. ఆ కంపెనీ వెనక్కి తగ్గడంతో పోర్షె తనే తీసుకుని 1976లో బజారులోకి తెచ్చింది. దాన్ని పెంచి, కొత్త ఇంజను పెట్టి చేసిందే 944. ఇది 1982 నుంచి 1991 వరకు నెకర్‌సుల్మ్‌లోని ఆడీ కర్మాగారంలో తయారైంది. అన్ని రకాలూ కలిపి లక్షా అరవై వేలకు పైగా కార్లు బయటికొచ్చాయి. తొలి 944లో 2,479 సీసీల నాలుగు సిలిండర్ల ఇంజను ఉండేది. దాని బలం 163 హార్స్‌పవర్, గరిష్ఠ టార్క్ 205 న్యూటన్ మీటర్లు.

బరువు ముందూ వెనకా సమంగా పంచాలని ఇంజనును ముందు పెట్టి, గేర్‌బాక్స్‌ను వెనక చక్రాల మధ్యకు జరిపారు. ఈ రెంటినీ కలిపేదే టార్క్ ట్యూబ్. లావుపాటి ఉక్కు గొట్టం, దాని లోపల బేరింగుల మీద తిరిగే సన్నని షాఫ్టు. ఇదే తరహాలో గేర్‌బాక్స్‌ను వెనక్కి పంపిన ఆల్ఫా రోమియో ఆల్ఫెట్టాలో క్లచ్‌ కూడా గేర్‌బాక్స్ వెంటే వెనక్కి వెళ్లింది. పోర్షె మాత్రం దాన్ని ముందే, ఇంజను వీపుకు అంటించి ఉంచింది. అందుకే 944లో ముందున్న క్లచ్ కోసం పని కారు తోక దగ్గర మొదలవుతుంది.

పాత స్పోర్ట్స్ కార్లలో దీన్ని మించిన మొండివీ ఉన్నాయి. బ్రిటిష్ ఎంజీబీలో గేర్‌బాక్స్‌ను ఒంటరిగా కిందికి దించే దారే లేదు, ఇంజను పైకి లేపాల్సిందే. జాగ్వార్ ఇ-టైప్‌లో ఇంజనూ గేర్‌బాక్సూ జంటగా బయటికి రావాలి. తొలి తరం మాజ్దా ఎంఎక్స్-5 వీటితో పోలిస్తే సాధువు. కిందినుంచి గేర్‌బాక్స్ వెనక్కి జారిస్తే క్లచ్ కనిపిస్తుంది.

పట్టు ఎక్కడి నుంచి వస్తుంది

ఇంజను తిరిగినంతసేపూ ఫ్లైవీల్ తిరుగుతుంది, ఎందుకంటే అది క్రాంక్‌షాఫ్ట్ చివర బిగించిన బరువైన ఇనుప చక్రం. దాని ముఖం మీద క్లచ్ ప్లేటు, ప్లేటు వెనక ప్రెషర్ ప్లేటు ఉంటాయి. ప్రెషర్ ప్లేటులోని డయాఫ్రమ్ స్ప్రింగు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కేసి అదుముతుంది. మూడూ ఒక్కటిగా తిరుగుతాయి. పెడల్ తొక్కితే అదుము సడలి, ప్లేటు మధ్యలో విడిగా నిలుస్తుంది.

ఆ అదుము ఎంత గట్టిదో చిన్న లెక్కతో తెలుస్తుంది. రాపిడి ముఖాలు రెండు. మధ్యస్థ వ్యాసార్ధం సుమారు 94 మిల్లీమీటర్లు, రాపిడి గుణకం 0.3 అనుకుంటే, 205 న్యూటన్ మీటర్ల టార్క్ జారకుండా దాటాలంటే కనీసం 3,600 న్యూటన్ల ఒత్తిడి కావాలి. అంటే 370 కిలోల బరువు పెట్టి నొక్కినట్టు. తయారీదారు దీనికి మరికొంత కలిపి స్ప్రింగు ఎంచుకుంటాడు. అరిగిన ప్లేటులో పోయేది ఈ కలుపుకున్న భాగమే. అందుకే మొదట్లో ఏమీ తెలియదు. ఒక రోజు ఎత్తు ఎక్కుతుంటే మీటరులో ఇంజను చుట్లు లేస్తాయి, కారు మాత్రం ఉన్న వేగంతోనే ఉంటుంది. సిగ్నళ్ల దగ్గర హాఫ్ క్లచ్ మీద కారు ఆపుకునే అలవాటున్నవారికి ఆ రోజు తొందరగా వస్తుంది. జారే క్లచ్ మాడు వాసన ఏ ఊరి డ్రైవరుకైనా తెలిసిందే.

ఫ్లైవీల్ పని పట్టునివ్వడంతో అయిపోదు. నాలుగు సిలిండర్ల ఇంజనులో క్రాంక్ ఒక చుట్టు తిరిగేలోపు రెండు పేలుళ్లు జరుగుతాయి. నిమిషానికి 900 చుట్లతో ఐడిలింగ్‌లో ఉన్నప్పుడు సెకనుకు 30 తాపులు. ఒక తాపుకూ ఇంకో తాపుకూ మధ్య తగ్గే వేగాన్ని ఫ్లైవీల్ తన బరువుతో కాపాడుతుంది. అంచు చుట్టూ ఉన్న రింగ్ గేర్ స్టార్టర్ మోటారు పళ్లకు పట్టు ఇస్తుంది. 944లో దీనికి మూడో కొలువు కూడా ఉంది, ఆ సంగతి విప్పేచోట వస్తుంది.

రబ్బరు వయసు

944 క్లచ్‌లో అసలు కథ ప్లేటు ముఖాల మీది రాపిడి పొరది, అంటే లైనింగుది కాదు, ప్లేటు నడుములోని రబ్బరుది. మామూలు క్లచ్ ప్లేటు మధ్యలో నాలుగైదు చిన్న స్ప్రింగులుంటాయి. ఇంజను తాపులు నేరుగా గేర్లకు తగలకుండా అవి మింగేస్తాయి. రెండున్నర లీటర్ల ఇంజనుకు సిలిండర్లు నాలుగే కావడంతో ఒక్కో తాపూ పెద్దది. పైగా ఆ తాపు పొడవాటి సన్న షాఫ్టు గుండా వెనకున్న గేర్‌బాక్స్‌కు చేరాలి. స్ప్రింగులతో సరిపెడితే ఐడిలింగ్‌లో గేర్ల గలగల వినిపిస్తుంది. ఆ చప్పుడు పోగొట్టడానికి స్ప్రింగుల బదులు లావుపాటి రబ్బరు దిమ్మ పోశారు. కొత్తగా ఉన్నప్పుడు అది పట్టులా పనిచేసింది.

లైనింగు కిలోమీటర్లతో అరుగుతుంది. రబ్బరు ఏళ్లతో ముసలిదవుతుంది. వేడికీ నూనె ఆవిరికీ పగుళ్లు పట్టి, ఒక రోజు ఇనుము నుంచి విడిపోతుంది. లోపల ఇనుప అడ్డులు ఉండబట్టి కారు చాలాసార్లు అప్పటికీ నడుస్తుంది. కాకపోతే యాక్సిలరేటర్ నొక్కినా వదిలినా కింద 'ఠప్' మని ఇనుము ఇనుముకు తగిలే చప్పుడు వస్తుంది. కొన్నిసార్లు ఊడిన రబ్బరు ముక్క ప్లేటుకూ ఫ్లైవీల్‌కూ మధ్య ఇరుక్కుంటుంది. అప్పుడు పెడల్ ఎంత తొక్కినా క్లచ్ విడవదు, గేరు పడదు. లైనింగు ఇంకా సగం మిగిలి ఉండగానే రోడ్డు పక్కన ఆగిపోయిన 944లలో చాలావాటి కథ ఇదే. తక్కువ తిరిగింది, షెడ్డులో భద్రంగా ఉంది అని చెప్పి అమ్మే కారులో ఈ ప్రమాదం ఎక్కువే తప్ప తక్కువ కాదు.

కొత్తగా వేసేటప్పుడు మళ్లీ రబ్బరుదా, స్ప్రింగులదా అన్నది యజమానుల మధ్య తెగని తగాదా. స్ప్రింగుల ప్లేటుతో ఐడిలింగ్‌లో కాస్త గలగల ఉంటుంది, కానీ రబ్బరులా ఒక్కసారిగా చిరిగి మొండిచేయి చూపదు. తరచూ నడిపే కారుకు స్ప్రింగులదే మేలు. అసలు ఎలా వచ్చిందో అలాగే ఉండాలనే పట్టుదల ఉన్నవారు రబ్బరుదే వేసుకోవచ్చు, ముప్పయ్యేళ్ల తర్వాత ఎవరో ఒకరు మళ్లీ విప్పుతారు.

విప్పేముందు వినాలి

జారడం, వణకడం, విడవకపోవడం మూడు వేర్వేరు జబ్బులు. జారితే లైనింగు అరిగి ఉండాలి లేదా నూనె పడి ఉండాలి. కారు కదిలేటప్పుడు వణికితే ఫ్లైవీల్ ముఖం మీద వేడి మచ్చలో, నూనె చెమ్మో కారణం. రివర్స్ గేరు కరకరమంటూ పడితే క్లచ్ పూర్తిగా విడవడం లేదని అర్థం. ఈ మూడోదానికి గేర్‌బాక్స్ దించడానికి ముందు, పెడల్ ఒత్తిడిని క్లచ్‌కు చేర్చే మాస్టర్ సిలిండర్, స్లేవ్ సిలిండర్ చూడాలి. పెడల్ దగ్గర తడి, పైపులో గాలి ఉంటే సగం ఖర్చుతో, సగం రోజులో తేలిపోయే పని అది.

చప్పుళ్లు కూడా చిరునామా చెబుతాయి. గేరు న్యూట్రల్‌లో ఉండి పెడల్ మీద కాలు లేనప్పుడు టార్క్ ట్యూబ్ లోపలి షాఫ్టు ఇంజను వేగంతో తిరుగుతూనే ఉంటుంది. అప్పుడు ఈల లాంటి మూలుగు వినిపించి, పెడల్ తొక్కగానే ఆగిపోతే అనుమానం ట్యూబ్ బేరింగుల మీద లేదా గేర్‌బాక్స్ బేరింగుల మీద. తొక్కినప్పుడే మొదలయ్యే చప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగుది. బెల్ హౌసింగ్ కింద చిన్న కిటికీ లాంటి రంధ్రం ఉంటుంది. రబ్బరు మూత తీసి చూస్తే ఆ బేరింగును కదిపే రిలీజ్ ఫోర్కు ఎక్కడుందో కనిపిస్తుంది. ప్లేటు అరిగే కొద్దీ ఫోర్కు జరుగుతుంది కాబట్టి విప్పకుండానే ఒక అంచనా దొరుకుతుంది. రబ్బరు సంగతి మాత్రం ఆ కిటికీ చెప్పదు.

తోక నుంచి తలకు

మొదట బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. కారు నాలుగు మూలలా సమంగా లేవాలి. జాకీ మీద వదిలేసి కిందికి దూరడం ప్రాణాల మీదికి తెచ్చుకోవడమే, గట్టి స్టాండులు తప్పనిసరి. గేర్‌బాక్స్‌కు విడిగా ఒక ట్రాలీ జాకీ కావాలి.

ఇంజను పక్క నుంచి వెనకదాకా ఎగ్జాస్టు గొట్టాలు దించాలి. ముప్పయ్యేళ్ల తుప్పు పట్టిన బోల్టులకు ముందురోజు రాత్రే నూనె పట్టించి ఉంచితే విరగడం తగ్గుతుంది. తర్వాత యాక్సిల్ షాఫ్టుల అలెన్ బోల్టులు. వాటి తలల్లో మట్టి పేరుకుని ఉంటుంది. సూది పెట్టి శుభ్రం చేయకుండా కీ తిప్పితే తల అరిగిపోయి, పది నిమిషాల పని పూటంతా పడుతుంది. విడిపోయిన షాఫ్టులను వేలాడనివ్వకుండా తీగతో పైకి కట్టాలి. గేరు రాడ్ విడదీసి, టార్క్ ట్యూబ్ షాఫ్టునూ గేర్‌బాక్స్ షాఫ్టునూ కలిపే కప్లింగ్ బోల్టులు వదులు చేసి, జాకీ ఆసరాతో గేర్‌బాక్స్ దించాలి. పైనున్న రెండు బోల్టులు కంటికి కనిపించవు. వేళ్లతో తడిమి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ పెట్టి తీయాలి.

గేర్‌బాక్స్ పోయిన ఖాళీలోకి టార్క్ ట్యూబ్‌ను వెనక్కి జరపాలి. పూర్తిగా బయటికి లాగనక్కర్లేదు. లాగాలంటే వెనక సస్పెన్షన్ కూడా దించాల్సి వస్తుంది. షాఫ్టు ముక్కు క్లచ్ ప్లేటులోంచి బయటపడేంత జరిపితే చాలు.

ఇక బెల్ హౌసింగ్. ఈ కారులో అందరూ ఆగేది ఇక్కడే. దాని నెత్తిన రెండు సెన్సర్లు ఉంటాయి. ఒకటి ఫ్లైవీల్ రింగ్ గేర్ పళ్లను లెక్కపెడుతుంది, రెండోది ఫ్లైవీల్ మీదున్న ఒక చిన్న మేకు ఎదురుగా వచ్చినప్పుడల్లా సంకేతం ఇస్తుంది. ఈ రెంటి మాట విని ఇంజను కంప్యూటర్ స్పార్కు ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయిస్తుంది. ఫ్లైవీల్ మూడో కొలువు అదే. సెన్సర్లు ఇంజనుకూ క్యాబిన్ గోడకూ మధ్య, చెయ్యి దూరని సందులో ఉంటాయి. ఏళ్ల వేడికి ప్లాస్టిక్ పెళుసెక్కి, బ్రాకెట్‌లో బిగుసుకుపోయి ఉంటాయి. బలవంతంగా పీకితే చేతికి వచ్చేది సగమే. కొత్తవి ముందే తెచ్చిపెట్టుకోవడం తెలివైన పని. రెండు ప్లగ్గులూ కవల పిల్లల్లా ఉంటాయి కనుక తీసేముందే చీటీ కట్టాలి. తారుమారైతే ఇంజను స్టార్ట్ కాదు.

944లో ఇంకో చిక్కు ఉంది. చాలా కార్లలో రిలీజ్ బేరింగ్ ప్రెషర్ ప్లేటు వేళ్లను నొక్కుతుంది. ఇందులో లాగుతుంది. బేరింగ్ ప్రెషర్ ప్లేటుకు తగులుకుని ఉంటుంది, ఫోర్కు దాన్ని పట్టుకుని ఉంటుంది. ఫోర్కు తిరిగే షాఫ్టును పక్కనుంచి లాగేస్తే తప్ప బెల్ హౌసింగ్ బయటికి రాదు. ఆ షాఫ్టు తుప్పుతో కదలనని మొండికేస్తుంది. చివరనున్న థ్రెడ్‌లో పొడవాటి బోల్టు బిగించి, అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ లాగడమే మార్గం. సుత్తి పట్టుకుంటే అల్యూమినియం హౌసింగ్ పగులుతుంది.

హౌసింగ్ తీశాక నల్లటి పొడి కనిపిస్తుంది. దాన్ని గాలి కొట్టి ఎగరగొట్టకూడదు. ఆ కాలపు లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండేది. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను కవరులో కట్టి పారేయాలి.

ఫ్లైవీల్ ఉంచాలా, మార్చాలా

ప్రెషర్ ప్లేటు, క్లచ్ ప్లేటు తీశాక ఫ్లైవీల్ ముఖం బయటపడుతుంది. బాగున్న ముఖం బూడిద రంగులో సమంగా ఉంటుంది. నీలం మచ్చలుంటే అక్కడ ఇనుము కాలి గట్టిపడింది. వెంట్రుకల్లాంటి పగుళ్లు పైపైన ఉంటే లేత్ మీద పలచగా చెక్కి సరిచేయవచ్చు. గోరు తగిలేంత లోతున్నా, రింగ్ గేర్ పళ్లు అరిగినా మార్చేయడమే. ప్రెషర్ ప్లేటు కూర్చునే అంచు వేరే ఎత్తులో ఉన్న ఫ్లైవీల్ అయితే ఒక ముఖం ఎంత చెక్కితే రెండోది అంతే చెక్కాలి. ఈ మాట లేత్ మీద కూర్చున్న మనిషికి ముందే చెప్పాలి. లేకపోతే స్ప్రింగు ఒత్తిడి తప్పి, కొత్త క్లచ్ కూడా జారుతుంది.

విప్పేటప్పుడు క్రాంక్ మీదా ఫ్లైవీల్ మీదా గుర్తు గీసుకోవాలి. మేకు చోటు తప్పితే స్పార్కు వేళ తప్పుతుంది.

944లో ఫ్లైవీల్ ఒకే ముక్క. తర్వాతి కార్లు రెండు ముక్కల ఫ్లైవీల్‌కు, అంటే డ్యూయల్ మాస్‌కు మారాయి. ప్లేటు నడుములో ఉండే మెత్తదనాన్ని అందులో ఫ్లైవీల్ లోపలికే తెచ్చారు. లుక్ కంపెనీ 1985లో దీన్ని కార్లకు పెద్దయెత్తున అందించడం మొదలుపెట్టింది. పోర్షె 911లో 964 అనే తరం ఇలాంటి ఫ్లైవీల్‌తోనే వచ్చింది. తొలి ఏళ్లలో అందులో వాడింది మళ్లీ రబ్బరే. అదీ చిరగడం మొదలయ్యాక 1992లో లుక్ స్ప్రింగుల రకానికి మారారు. 944 వారసుడైన 968లోనూ డ్యూయల్ మాసే. దీన్ని లేత్ మీద చెక్కించుకునే వీలుండదు, పాడైతే కొత్తది కొనాలి. క్లచ్ సెట్టును మించి ఖర్చయ్యేది తరచూ ఇదే.

తేలిక ఫ్లైవీల్ వేయించాలనే సరదా చాలామందికి ఉంటుంది. యాక్సిలరేటర్ తాకగానే ఇంజను చురుగ్గా లేస్తుంది, నిజమే. బదులుగా ఐడిలింగ్ గరుకవుతుంది, గేర్ల గలగల పెరుగుతుంది, సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కగానే ఇంజను ఆగిపోనూవచ్చు. తేలిక ఫ్లైవీల్‌తో వచ్చిన 964 ఆర్ఎస్ యజమానులు ఈ అనుభవం చవిచూశారు. రేసు ట్రాకు మీద తిరిగే కారుకు సరే, ఊళ్లో తిరిగే కారుకు ఈ సరదా దండగ.

బిగింపు

ఇంతదూరం వచ్చాక ప్లేటు ఒక్కటీ మార్చి మూసేయడం పిసినారితనం. క్రాంక్ వెనక ఆయిల్ సీల్, పైలట్ బేరింగ్, రిలీజ్ బేరింగ్, ఫోర్కు షాఫ్టు సూది బేరింగులు, ఫ్లైవీల్ బోల్టులు కొత్తవి పడాలి. వీటి ధర కూలీ ముందు ఏపాటిది కాదు. పాత సీల్ నుంచి కారిన నూనె చుక్క కొత్త లైనింగు మీద పడితే మొదటి నుంచీ మళ్లీ విప్పాలి. టార్క్ ట్యూబ్ బేరింగులు మూలుగుతుంటే వాటికీ ఇదే అదను.

ఫ్లైవీల్ బోల్టులకు 90 న్యూటన్ మీటర్లు, ప్రెషర్ ప్లేటు బోల్టులకు 25. ఎదురెదురుగా, విడతలవారీగా టార్క్ రెంచితోనే బిగించాలి. రింగ్ గేర్ పళ్లలో లాకు పెట్టకపోతే చక్రం తిరిగిపోతుంది. కొత్త ప్రెషర్ ప్లేటు తుప్పు పట్టకుండా పూసిన నూనె పొరను బ్రేక్ క్లీనర్‌తో తుడిచాక దాని ముఖం మీద వేలు పెట్టకూడదు. క్లచ్ ప్లేటు మీద జర్మన్‌లో 'గెట్రీబెజైటె' అని ఉంటుంది. గేర్‌బాక్స్ వైపు అని అర్థం. ఆ అక్షరాలు బిగించేవారికి కనబడుతుంటే ప్లేటు సరిగ్గా పడ్డట్టు. తిరగేసి బిగించి, అన్నీ మూసి, మళ్లీ అన్నీ విప్పినవారు తక్కువేమీ కాదు.

ప్లేటు నట్టనడుమ నిలవడానికి సెంటరింగ్ టూల్ దూర్చి ఉంచి ప్రెషర్ ప్లేటు బిగించాలి. వెంట్రుకవాసి పక్కకు జరిగినా టార్క్ ట్యూబ్ షాఫ్టు లోపలికి పోదు. పోవడం లేదు కదా అని బోల్టులతో లాగి కూర్చోబెట్టకూడదు, ప్లేటు నడుము వంగుతుంది. షాఫ్టు పళ్లకు గ్రీజు పలచగా రుద్ది మిగిలింది తుడిచేయాలి. మేకు సెన్సరుకూ మేకుకూ మధ్య సందు 0.8 మిల్లీమీటర్లు ఉండేలా బ్రాకెట్ సరిచూసుకోవాలి. మిగతాదంతా విప్పిన దారిలోనే వెనక్కి.

చివరగా హైడ్రాలిక్ పైపులో గాలి తీయడం. ఇది పేరుకు చిన్న పని, కానీ 944లో విసిగిస్తుంది. స్లేవ్ సిలిండర్ పడుకున్న తీరు వల్ల గాలి బుడగ మూలన నక్కి, పెడల్ ఎంతసేపు తొక్కించినా కదలదు. కిందినుంచి పైకి, స్లేవ్ నిపుల్ గుండా కొత్త ఫ్లూయిడ్ నెట్టడం దీనికి నమ్మకమైన ఉపాయం. క్లచ్‌కూ బ్రేకుకూ ఫ్లూయిడ్ డబ్బా ఒకటే కాబట్టి అది పొంగి పెయింటు మీద పడకుండా చూసుకోవాలి.

కొత్త లైనింగు ఫ్లైవీల్‌తో కుదురుకోవడానికి ఊళ్లో ఆగుతూ సాగుతూ కొన్ని వందల కిలోమీటర్లు పడుతుంది. అప్పటిదాకా పికప్ పరీక్షలు వద్దు. ప్లేటు రబ్బరుదా స్ప్రింగులదా, ఫ్లైవీల్ కొత్తదా చెక్కించిందా, వేసిన తేదీ, అప్పటి మీటరు రీడింగు ఒక చీటీ మీద రాసి సర్వీసు పుస్తకంలో పెట్టండి. మూసిన బెల్ హౌసింగ్ లోపల ఏముందో బయటినుంచి చెప్పగలిగేది ఆ చీటీ ఒక్కటే.